కరెంటు పోయినా మోగే ఫోన్

“అవన్నీ తర్వాత చెబుదువుగాని బాబూ. కరెంటు పోతే మీ ఫోన్ మోగుతుందా?” అని అడిగింది ఆస్లా.

అవతలివాడు ఇంటర్నెట్ ఫోన్లు అమ్మే కంపెనీవాడు. విదేశాలకు ఎన్ని నిమిషాలు ఉచితమో వల్లిస్తున్నవాడల్లా ఆగి, బ్యాటరీ ఉంది, గంటసేపు పనిచేస్తుందన్నాడు. ఆలోచించి చెబుతానని ఆవిడ పెట్టేసింది. కంపెనీల పేర్లు రాసుకున్న కాగితం మీద దాని పేరు కొట్టేసింది.

స్కాట్లాండ్‌కి ఉత్తరాన, షెట్లాండ్ దీవుల్లో మాది చిట్టచివరిది. నెలాఖరుకి పాత తీగ ఫోన్లన్నీ తీసేస్తున్నామని అందరికీ ఉత్తరాలొచ్చాయి. ఎవరికి నచ్చిన ఇంటర్నెట్ ఫోన్ వాళ్ళు చూసుకోవాలట. ఎక్కడో పట్నంలో కూర్చుని రాసేవాళ్ళకేం, ఎన్నయినా రాస్తారు.

పాత ఫోన్‌కి తీగలోనే ప్రాణముండేది. ఇంట్లో దీపాలారిపోయినా అది మోగేది. కొత్తదానికి గోడ ప్లగ్గులో కరెంటు ఉంటేనే నోరు. మా దగ్గర గాలి ముదిరితే ముందు పోయేది కరెంటే. ఒకసారి పోయిందంటే ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఇక సెల్‌ఫోన్ సిగ్నల్ కొండ దాటి మా వైపు ఏనాడూ రాలేదు.

సముద్రంలో ఎవరైనా చిక్కుకుంటే మా రక్షణ పడవ మనుషులకి కబురు వెళ్ళేది ఇంటి ఫోన్ల మీదే. రేవు దగ్గరి ఇంటివాళ్ళు పక్కింటికి చేస్తారు, వాళ్ళు ఆ పై ఇంటికి. అలా ఏడిళ్ళు. ఏడోది, కొండకొమ్ము చివర ఒంటరిగా ఉండేది, ఆస్లా ఇల్లు. మొదటి ఫోన్ మోగిన పావుగంటకి పడవ కదలాలి. వచ్చినవాళ్ళతోనే కదులుతుంది, రానివాళ్ళ కోసం ఆగదు.

పదకొండేళ్ళ కిందట ఆ ఇంట్లో ఫోన్ మోగితే ఎత్తింది ఆస్లాయే. పొయ్యి మీద ఉప్పుమాంసం చారు ఉడుకుతోంది. రిసీవరు మొగుడు మాన్సీ చేతికిచ్చి, కోటు కూడా తనే తెచ్చి తొడిగింది. చేపల పడవలోని ముగ్గురూ బతికి ఒడ్డున పడ్డారు. వాళ్ళని కాపాడబోయిన మాన్సీ రాలేదు. శవం కూడా దొరకలేదు.

పద్దెనిమిది నిండగానే కొడుకు ఎర్లెండ్ వెళ్ళి తండ్రి చోటులో కూర్చున్నాడు. ఆరేళ్ళయింది. మా దీవిలో పడవకి పిలుపొస్తే వెళ్ళొద్దనే ఆడది ఇంతవరకు పుట్టలేదు. ఆస్లా కూడా ఏమీ అనలేదు. వాడి బూట్లు తుడిచి గుమ్మం పక్కన పెట్టడం అలవాటు చేసుకుంది.

రెండో కంపెనీవాళ్ళు ఎనిమిది గంటల బ్యాటరీ ఇస్తామన్నారు. ఆవిడ ఆ పేరూ కొట్టేసింది.

“ఎనిమిది గంటలు కూడా చాలదా అమ్మా నీకు?” అని నవ్వాడు ఎర్లెండ్. చేపలు పెంచే చోట పనిచేసి తడిసి ముద్దయి వచ్చి, రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు. “గడువు నాలుగు రోజులే ఉంది. ఏదో ఒకటి తెప్పించెయ్.”

“బిల్లు నా పేరు మీదుంది, నేను చూసుకుంటాలే. నువ్వు తిను ముందు.”

మర్నాడు రక్షణ పడవ నడిపే గిల్బర్ట్ వచ్చాడు. మాన్సీకి ప్రాణస్నేహితుడు. మాన్సీ పోయిన రోజు చుక్కాని పట్టిందీ అతనే. అప్పటినుంచి ఆస్లా మొహంలోకి సూటిగా చూడలేడు. మూడో కంపెనీ కాగితం బల్ల మీద పెట్టాడు. దాని బ్యాటరీ రెండు రోజులు ఆగుతుందట.

“వదినా, నీ బాధ నాకు తెలుసు. ఫోన్ మూగబోతే పిల్లాడికి పిలుపందదనేగా? మాన్సీ ఇంట్లో ఫోన్ మోగకపోతే మాకు మాత్రం తలవంపులు కాదూ. దీని ఖర్చంతా మన పడవ సంఘానిదే. కాదనకు.”

ఆస్లా కప్పులో టీ పోసింది. ఒకరి సొమ్ము తనకొద్దంది. గిల్బర్ట్ ఎంత బతిమాలినా అదే మాట. మాన్సీదీ ఇదే మొండితనమని గొణుక్కుంటూ, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ కంటికి ఏ ఫోనూ ఆనడం లేదన్న సంగతి దీవంతా పాకింది. పెళ్ళికొడుక్కి కూడా ఎవరూ ఇన్ని వంకలు పెట్టరని దుకాణంలో ఒకావిడ నవ్వబోతే, ఆస్లా పడ్డది నువ్వు పడితే తెలుస్తుందని ఇంకొకావిడ నోరు మూయించింది. నిజమే. పాపం, ఆ నాలుగు రోజుల్లో ఆస్లా మనిషి సగమైపోయింది.

ఆఖరి రోజు మధ్యాహ్నం రేడియోలో వాయుగుండం వార్త వచ్చింది. ఎల్లుండికి తీరం తాకుతుందట. కాగితం మీద కొట్టెయ్యని పేరు ఒక్కటే మిగిలింది. ఆస్లా ఆ నంబరుకి చేసి, పాత ప్రశ్నే అడిగింది.

ఎత్తిన పిల్ల ఎవరో గాని, నిజాయితీగల పిల్ల. “అబద్ధం ఎందుకు చెప్పాలి మేడమ్, మాది చవక రకం. బ్యాటరీ ఉండదు. కరెంటు పోయిన క్షణమే ఫోన్ పోతుంది. మళ్ళీ కరెంటొచ్చేదాకా మీకు ఏ కాలూ రాదు. మీ దీవి లాంటి చోట దీన్ని తీసుకోవద్దనే చెబుతాను.”

“అసలు మోగనే మోగదా?” అని మళ్ళీ అడిగింది ఆస్లా.

“మోగదు మేడమ్. క్షమించండి.”

ఆస్లా గుమ్మం పక్కనున్న కొడుకు బూట్ల వైపు చూసి, పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, “అదే పంపించమ్మా,” అంది.