రెండో పక్క

ఆ ఉదయం నాచారం మీద మబ్బు కమ్మి కదలకుండా నిలిచిపోయింది. చినుకు పడలేదు, ఎండా రాలేదు.

దయాకర్ వెల్డింగ్ షెడ్డు ముందు ఒక ముసలాయన నిలబడ్డాడు. పేరు త్రిమూర్తులు. కాకినాడ నుంచి వచ్చి, ఉప్పల్‌లో బస్సు దిగి, నడుచుకుంటూ వచ్చాడట.

ఇంకేదో చెప్పబోయాడు. దయాకర్ విననేలేదు. కూలి ఇయ్యలేను, తిండి పెడతానని గ్రైండర్ చేతికిచ్చాడు.

నారపల్లి ఇళ్లకు కిటికీ గ్రిల్లులు చేసి బతికిన షెడ్డు అది. ఇప్పుడు ఆ గ్రిల్లులు అడిగేవాళ్లు లేరు.

మిగిలింది ఒక్క ఆర్డరు. రొయ్యల పడవల వలల్లో బిగించే ఇనుప చట్రాలు. రొయ్యలు ఊచల సందుల్లోంచి వలలోకి పోతాయి. తాబేలు ఊచల మీద జారి బయటపడుతుంది. తాబేళ్లను చంపే వలల రొయ్యలను విదేశాలవాళ్లు కొనరు.

నునుపు లేదని మొదటి లోడు వాపసు వచ్చింది. ఈ నలభై కూడా వస్తే షెడ్డుకు తాళమే.

షెడ్డువాళ్లు గ్రిల్లుల అలవాటుకొద్దీ వీధి వైపే నునుపు చేస్తారు. ముసలాయన చట్రం తిప్పి రెండో పక్క కూడా అరగదీశాడు. అరచేత్తో తడిమి, చొక్కా ఎత్తి పొట్ట ఆనించి చూసుకున్నాడు.

రంగులు వేసే సత్తమ్మ నవ్వింది.

"తాబేలు తాతా, కడుపుకు సల్లగుందా?"

మూడో రోజు లారీ వచ్చింది. రెండు పక్కలా నునుపైనవి ముప్పై. పది మిగిలాయి.

"గా ఎనక పక్క ఎవలు జూస్తరు పెద్దాయనా? వీధి దిక్కు నున్నగుంటె సాలదా?" అన్నాడు దయాకర్.

"సముద్రంలో వీధి ఉండదు బాబూ. ఆ పదీ పంపకు."

దయాకర్ ఓపిక తెగింది. గ్రైండర్ లాక్కుని, మళ్లీ గేటు తొక్కొద్దన్నాడు. పదీ ఎక్కించేశాడు.

ముసలాయన సంచిలోంచి ఎండు రొయ్యల పొట్లం తీసి, సత్తమ్మ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

వారం తర్వాత అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు ఎగుమతి కంపెనీ నుంచి గౌతమి అనే ఆవిడ ఫోన్ చేసింది. పది చట్రాలు గరుకుగా ఉన్నాయి, ఆర్డరు రద్దయిందని చెప్పింది.

దయాకర్ అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి బతిమాలాడు. ఆరుగురి బతుకు మేడం, జర ఇంకొక్కసారి సూడుండ్రి అన్నాడు.

"చూశాం కదండీ. మొదటి లోడప్పుడే మిమ్మల్ని వద్దనుకున్నాం. పనిచేసే చేతులు, చూపిస్తే నేర్చుకుంటారని పడవల సంఘం పెద్ద మాతో పోట్లాడి, తనే బస్సెక్కి మీ దగ్గరికొచ్చారు. నిన్న ఆ పదీ చూశాక త్రిమూర్తులుగారు ఇంక మీ కోసం పోట్లాడలేదు."

సత్తమ్మ గిన్నె మూత తీసింది. ఎండు రొయ్యల కూర.

తలా కాస్త వేసింది. అందరూ తలెత్తకుండా తిన్నారు.