పైడమ్మ కాలువ నీళ్లు

సన్యాసి తొడకండలో లోతుగా కట్టిన చీమును గోడకున్న వైద్యపెట్టె సూదితో లాగేసింది. అయినా జ్వరం దిగలేదు. మందుబిళ్లలకు క్రిములు లొంగడం మానేసి ఇరవై ఏళ్లయింది. చీములోని క్రిమిని తినే మరో క్రిమి ఇప్పుడు మురుగునీళ్లలోనే దొరకాలి. భార్య నూకాలు నాలుగు వీధుల మురుగునీళ్లు తెస్తే, పెట్టె పరీక్షించి ఏవీ పనికిరావంది.

"సాయంత్రం దాటితే కాలు తీసెయ్యాలి," అని కూడా చెప్పింది.

ఇక మిగిలింది పక్కింటి పైడమ్మ కాలువ. మురుగు తన గుమ్మంలోకి వస్తోందని తగువు పడి, పోయినేడు దాన్ని సిమెంటుతో పూడ్పించింది నూకాలే. నీళ్లు పైడమ్మ పెరట్లోనే నిలిచిపోయాయి.

"వొదినా, ఓ సెంబుడు మురుగునీళ్లియ్యవా?" అని గోడ మీంచి అడిగింది నూకాలు.

పైడమ్మ నిండు బకెట్టు మోసుకొచ్చి నూకాలు గుమ్మం బయటే ఆగింది.

"నా నీళ్లు నీ గడప దాటితే ఊరుకోనన్నావు కదే. దాటమంటావా?"

నూకాలు ఆమె చెయ్యి పట్టి లోపలికి లాగింది. నీళ్లు తొణికి గడపంతా తడిసిపోయింది.