ముడుచుకున్న బొటనవేళ్ళు

రిపోర్టులో ఏముందో వినకముందే నాగేశ్వరి తీర్పు చెప్పేసింది. కోడలు సింధూర బట్టలు రెండు సంచుల్లో కుక్కించి కారు డిక్కీలో పడేయించింది. ఎల్‌బీ నగర్‌లో డాక్టరు దగ్గర పని కాగానే కోడల్నీ, పసివాడు చంటినీ హయత్‌నగర్‌లో పుట్టింట్లో దింపేయడమే. ఆ తర్వాత కొడుక్కి మరో సంబంధం. దిల్‌సుఖ్‌నగర్ పెళ్ళిళ్ళ పేరయ్యతో మాట కూడా అయిపోయింది.

కొడుకు ఉపేంద్ర కారు నడిపాడు. ఆ మహానుభావుడికి చేతనైన పని అదొక్కటే.

చంటికి ఆరో నెల. తల నిండా నీరు. రెండు చేతుల బొటనవేళ్ళూ అరచేతుల్లోకి ముడుచుకుపోయి ఉంటాయి. సింధూర దారంతా వాటిని మెల్లగా విప్పుతూనే ఉంది. వదిలితే మళ్ళీ ముడుచుకుంటున్నాయి.

"విప్పితే విచ్చుకుంటాయా?" ముందు సీట్లోంచి నాగేశ్వరి ఈసడించింది. "ఆ రామమోహనరావు రక్తమే అంత. ఆ ఇంట్లో నిటారుగా నిలబడ్డవాడు ఒక్కడున్నాడా?"

రామమోహనరావు సింధూర తండ్రి. హయత్‌నగర్‌లో టైర్ల కొట్టు. నాగేశ్వరి దృష్టిలో అతను మనిషే కాదు.

దగ్గర సంబంధమా అని డాక్టర్ మృదుల మొదటిసారే అడిగింది.

"అబ్బే, బయట సంబంధమే," అంది నాగేశ్వరి, మిగతా ఇద్దరూ నోరు తెరిచేలోపే.

ఇళ్ళలో మగపిల్లలు ఎవరైనా పోయారా అని కూడా అడిగింది. నాగేశ్వరి తొలిచూలు కొడుకు ఇలాగే తల పెద్దదై పసితనంలోనే పోయాడు. "దిష్టి తగిలి," అందామె.

"తండ్రి వైపుదానికీ దీనికీ సంబంధం ఉండదులెండి," అని డాక్టరు వదిలేసింది.

ఇవాళ మాత్రం ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పింది.

"కడుపులో మెదడు తయారయ్యేటప్పుడు నరాల తీగలు చాలా దూరం పోవాలమ్మా. ఒకదాన్నొకటి పట్టుకుని దారి వెతుక్కుంటాయి. ఆ పట్టునిచ్చే జిగురులాంటి పదార్థం కణాల మీద ఉంటుంది. బాబుకి అది సరిగ్గా తయారవలేదు. అందుకే తీగలు దారి తప్పాయి."

"జిగురా!" నాగేశ్వరి నవ్వింది. "మా ఇంట్లో దానికేం లోటు లేదు. పంక్చరు ఆ టైర్ల కొట్టువాడి దగ్గరే పడుంటుంది."

"సింధూర నాన్నగారి నుంచి కాదమ్మా. ఆయనకుంటే ఆయనే ఇలా పుట్టేవారు. ఇది తల్లి నుంచి వచ్చింది. ఆడవాళ్ళలో సాధారణంగా పైకి కనిపించదు, మగపిల్లల్లో బయటపడుతుంది."

"అదే కదా నేను మొత్తుకునేది! లోపం ఈ పిల్లదే, మావాడిది కాదు. లేవరా."

బ్యాగు భుజాన వేసుకుని తలుపు దాకా పోయింది. ఉపేంద్ర లేచాడు. అమ్మ లేవమంటే లేవడం అతనికి బాగా అలవాటు. సింధూర మాత్రం కదల్లేదు.

"ఒక్క నిమిషం," అంది డాక్టరు. "సింధూర వాళ్ళమ్మగారికి పోయిన వారం పరీక్ష చేశాం. ఆవిడలోనూ ఉంది. ఆవిడకి వాళ్ళమ్మ నుంచి వచ్చి ఉండొచ్చు. ఆ పెద్దావిడ ఉన్నారా? ఉంటే రక్తం చూడాలి. ఇంకా కూతుళ్ళుంటే వాళ్ళకీ జాగ్రత్త చెప్పాలి."

"ఉన్నారు," అంది సింధూర.

నర్సు జ్యోతిక సూదులు సర్దుతూ తలెత్తింది. "ఎప్పుడు తీస్కొస్తరో జర ముందే చెప్పుండ్రి మేడం. గీ సాంపిల్ పొద్దుగాలనే పంపాలె."

"ఇప్పుడే తీసుకోండి."

సింధూర లేచి చంటిని ఉపేంద్ర చేతుల్లో పెట్టింది. అతను కళ్ళెత్తలేదు.

ఆమె తలుపు దగ్గరకు నడిచి, గడియ మీదే బిగుసుకుపోయిన నాగేశ్వరి చేతిని పట్టుకుని, పెళ్ళయ్యాక మొదటిసారి చిన్నప్పటి పిలుపుతో పిలిచింది: "చెయ్యి చాపు, అమ్మమ్మా."