జల్లెడ ఆడిన ఆట

ఫోన్‌లో గెంతులాట ఏ వీధిలో ఎక్కువ ఆడితే ఆ వీధికే కుళాయి నీళ్లని నీళ్ల కంపెనీ రూలు. ఫోన్ పట్టుకుని మనం గెంతితే అందులో బొమ్మ గెంతుతుంది. పలాసలో మా వీధి ఎండిపోతోంది. మా ఆవిడ నీలవేణికి ఉల్లిపాయ తరగడమే బద్ధకం, ఇంక ఆటేం ఆడుతుంది? అందుకే ఆవిడ ఫోన్ని జీడిపప్పు జల్లించే మిషన్‌కి కట్టేశాను. ఆ ఊపుకి బొమ్మ వారమంతా గెంతింది. జిల్లాలో ఫస్టు!

కంపెనీ ఆఫీసరు నీలవేణికి దండతో వచ్చాడు.

"అమ్మా, రేపట్నుంచి ఈ వీధిలో ప్రతి ఇల్లూ మీ అంత ఆడాలి. తగ్గితే నీళ్లు బంద్."

నేను అడ్డుపడ్డాను. "బాబూ, ఆడింది మనిషి కాదు, జల్లెడ!"

ఆఫీసరు పకపకా నవ్వాడు. "మీరు వేళాకోళం మనిషని వీధంతా చెప్పింది లెండి."

వీధిలో ఎవరూ నవ్వలేదు. నీలవేణి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఈ ఆఫీసర్ని కూడా వేళాకోళానికి నువ్వే తెచ్చినావని సెప్పు మావా."