రాజధాని ఎందుకు మారింది?

నా కోడిగీతలకీ, రాతలో తప్పులకీ ఏమీ అనుకోవద్దు.

మన మూడో తరగతి పిడుగు పరీక్షలో ఏదో రాసిందని ఇవాళ టీచరమ్మ నన్ను బడికి పిలిపించింది. ప్రశ్న: "రాజధానిని ఎందుకు మార్చారు?" దీని జవాబు: "కూరలో ఉప్పెక్కువైందని తాతయ్య కంచం తోసేశాడు."

"ఇదేంటి తాతగారూ?" అంది టీచరమ్మ.

పిడుగే అందుకుంది.

"పాలించేవాళ్ళు ఎక్కడుంటే అదే రాజధాని అన్నారుగా టీచర్! మా నానమ్మ అలిగి మా అత్త వాళ్ళింటికి వెళ్ళిపోయింది."

టీచరమ్మ పకపకా నవ్వి పదికి పది వేసింది. "మరి మళ్ళీ పాత చోటికే రావాలంటే?" అని నన్నడిగింది.

అందుకే కార్డు రాస్తున్నాను. తప్పు నాదే. నా వంట తినలేక ఇక్కడి జనం తిరగబడేలా ఉన్నారు. ఎప్పుడొస్తున్నావో తొందరగా జవాబు రాయి.