ఆబ్దికానికి పాస్తా

రెండో ఏడు కూడా కాకి ముట్టలేదు.

మేడ మీద పిట్టగోడ పైన పెట్టిన విస్తరిలో గారెలు, పాయసం, పులిహోర అన్నీ ఉన్నాయి. కాకులు వచ్చాయి. చుట్టూ తిరిగాయి. ఎగిరిపోయాయి. అనసూయమ్మ కర్నూలు ఎండలో అలాగే కూర్చుంది, కొడుకు సుదర్శన్ పేరు తలుచుకుంటూ. కోడలు శ్రీవాసవి మాత్రం ఏదో ఊరట దొరికినట్టు కిందికి వెళ్ళి మామూలుగా భోంచేసింది.

మూడో ఆబ్దికం దగ్గరపడుతుంటే అనసూయమ్మ ఒక మాట అంది.

"వాసవీ, వాని మనసు యాడనో చిక్కుకోనుండాది. ఈసారి వానికి ఇష్టమైంది పెడదాం. ఆదివారాలు ఓవెన్‌లో పెట్టి చేస్తాంటివే, ఆ పాస్తా."

శ్రీవాసవి బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"ఆబ్దికానికి పాస్తా ఏంది అత్తమ్మా? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. అయ్యవారు పొయినాక పెడదాం. వాడు తాగే ఎర్ర వైను గూడా."

కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా తరగని ఇల్లు అది. వైను అన్న మాట అనసూయమ్మ నోట రావడం అదే మొదటిసారి.

సుదర్శన్ పెళ్ళికి ముందు బెంగళూరులో ఒక హోటల్లో పనిచేశాడు. తండ్రి పోయాక బజారులోని స్టీలు సామాన్ల కొట్టు చూసుకోవడానికి తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ ఓవెన్ తెచ్చుకున్నాడు. భార్యకు పాస్తా చేయడం నేర్పాడు. టమాటా పులుపుకు తియ్యటి వైను నప్పదని, కాస్త వగరుండాలని చెప్పాడు. ఆదివారం రాత్రి వంటింటి తలుపు దగ్గరగా వేసి ఇద్దరూ తినేవాళ్ళు. చెరో గ్లాసు పోసుకునేవాళ్ళు. పెద్దామెకు తెలియదనుకునేవాళ్ళు.

ఒకరోజు పొద్దున ఓర్వకల్లులో పనుందని బండి మీద వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. బండి కె.సి. కెనాల్ గట్టు మీద దొరికింది. మనిషి దొరకలేదు.

అనసూయమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకుంది. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. వీధిలో ఏ బండి ఆగినా లేచి నిలబడేది. ఇలాగే ఉంటే మనిషి దక్కదని డాక్టరు చెప్పాడు.

ఆ వారంలోనే పోలీసుల నుంచి ఫోను వచ్చింది. దిగువన కాలవలో ఒక శవం తేలిందన్నారు. సుదర్శన్ తమ్ముడు ప్రసాద్ మార్చురీ గుమ్మం దగ్గరే కళ్ళు తిరిగి కూలబడ్డాడు. శ్రీవాసవి ఒక్కతే లోపలికి వెళ్ళింది. వచ్చి, "ఆయనే" అంది.

ఇంటికొచ్చి మెట్టెలు తనే తీసి పక్కన పెట్టింది. ఏడవలేదు. కర్మకాండలు మొదలయ్యాక అనసూయమ్మ కుర్చీ వదిలి లోపలికి వచ్చింది. రెండు ముద్దలు తింది. ఆ తర్వాత నెమ్మదిగా మనిషి అయింది.

"వదినా, వైన్ షాపులో వైన్ తప్ప అన్నీ ఉండాయి," అన్నాడు ప్రసాద్, మూడో ఆబ్దికం కోసం బజారంతా తిరిగొచ్చి. "బెంగళూరు నుంచి మా స్నేహితుడు వస్తాండాడు. ఏ రకం తెమ్మనేది?"

"తియ్యటిది తెమ్మను."

"తియ్యటిది కాదప్పా," అంది అనసూయమ్మ పూజగదిలోంచి. "వగరుగా ఉండేది. తలుపేసుకుంటే నాకు వినపడదనుకుంటాంటిరి."



ఆబ్దికం నాడు అయ్యవారు భోంచేసి, దక్షిణ తీసుకుని వెళ్ళాడు. శ్రీవాసవి పాస్తా ఉడకేసింది. అత్త పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

"వెల్లుల్లి వద్దులే అత్తమ్మా. ఈ రోజు వెయ్యకూడదు కదా."

"ఎయ్యి. పాపమైతే నాకు తగలనీ. అది లేకుంటే వాడు ముట్టడు."

శ్రీవాసవి చేతిలోని వెల్లుల్లి రెబ్బల వంక కాసేపు చూసింది. దంచి నూనెలో వేసింది. టమాటాలు మగ్గబెట్టింది. వెన్నలో మైదా వేయించి, పాలు పోసి చిక్కబరిచింది. పాస్తా, పాలకూర, సాసు పొరలు పొరలుగా పరిచి, పైన చీజు తురిమి ఓవెన్‌లో పెట్టింది. తీసేటప్పుడు ముంజేయి కాలింది. అత్త చెప్పేదాకా ఆమెకు తెలియలేదు.

చీజు అంచుల్లో ఎర్రగా వేగి, మధ్యలో బుడగలు కక్కుతోంది. సుదర్శన్‌కు ఎలా కావాలో అలాగే వచ్చింది.

ప్రసాద్ పాస్తా వడ్డించిన విస్తరిని మేడ మీదికి తెచ్చి పిట్టగోడ మీద పెట్టాడు. పక్కన గ్లాసులో వైను పోశాడు. ముగ్గురూ మెట్ల దగ్గర నిలబడ్డారు.

ఒక కాకి వచ్చింది. గ్లాసు వైపు మెడ వంచి చూసింది. విస్తరి చుట్టూ గెంతింది. ఆగింది.

ముక్కుతో చీజు పొర లాగింది. ఒక పాస్తా ముక్క మింగింది. ఇంకొకటి. తల ఎత్తి అరిచింది. ఎక్కడినుంచో నాలుగైదు కాకులు వచ్చి వాలాయి.

అనసూయమ్మ రెండు చేతులూ జోడించింది.

"తిన్న్యాడు. నా కొడుకు కడుపునిండా తిన్న్యాడు. ఇంగ వానికి ఏ చింతా లేదు."

వెనకాల ఏదో శబ్దమైంది. శ్రీవాసవి మెట్ల మీద కూలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఏడుపు ఆగడం లేదు. ప్రసాద్ కంగారుగా వంగబోతే తల్లి ఆపింది.

"ఏడవనీ నాయనా. ఇన్నేండ్లూ రాయి మాదిరి ఉండె. ఇప్పుడన్నా బరువు దిగనీ."

మార్చురీలో తను చూసిన శవం సుదర్శన్‌ది కాదని శ్రీవాసవి ఎవరికీ చెప్పలేదు.