పందొమ్మిది విమానాలు

"రంగులు కనబడయని రాసిన్రా? నీకా?"

రామచంద్రం కాగితాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. ఇంగ్లిషులో ఉంది. కింద మూడు సంతకాలు, ఒక ముద్ర.

ప్రణయ్ ఇంకా బూట్లు విప్పలేదు. బెంగళూరు నుంచి వచ్చి, పొద్దున్నే సిరిసిల్ల బస్టాండులో దిగి నేరుగా ఇంటికి నడిచాడు. వైమానిక దళం రాతపరీక్ష పాసయ్యాడు. మైసూరులో ఐదు రోజుల ఇంటర్వ్యూ పాసయ్యాడు. యుద్ధ విమానం నడపడానికి ఇక వైద్య పరీక్ష ఒక్కటే మిగిలింది. అందులో పోయింది.

"చుక్కల పుస్తకం సూపెట్టిన్రు బాపు. చుక్కల నడుమ అంకె ఉంటదట. నాకు చుక్కలే కనబడ్డయి."

"బస్సుల నిద్ర లేక గట్లయ్యుంటది."

"రెండు రోజులు సూపెట్టిన్రు."

గది మూలలో తల్లి వినోద సాంచకు, అంటే మరమగ్గానికి, వెళ్లాల్సిన నూలును కండెలకు చుడుతోంది. మిషన్ ఆపలేదు. తల ఎత్తలేదు. ఈ పరీక్షలు రాయమని పట్టుబట్టింది ఆవిడే. డిగ్రీ అయ్యాక ఊళ్లోనే నూలు పనిలో చేరమని రామచంద్రం అన్నప్పుడు, "వానికి సాంచలొద్దు, విమానమే తోలనీ" అని రెండు రోజులు అన్నం మానేసింది.

"సెలవులల్ల నా సాంచ మీద నిలవడ్డవు" అన్నాడు రామచంద్రం. "ఎర్ర కండె పెట్టమంటె ఎర్రదే పెట్టినవ్. ఒక్క చీర ఖరాబు కాలే. గప్పుడు కనబడ్డ రంగు గిప్పుడు ఏడికి పోయింది?"

"ఎర్రయి గంపల ఉంటయి, ఆకుపచ్చయి బకెట్ల ఉంటయి. అవ్వ గట్లనే పంపుతది గద" అన్నాడు ప్రణయ్, తల్లి వైపు చూస్తూ.

రామచంద్రం ఆ మాట పట్టించుకోలేదు. పైకి చూశాడు.

ఇంటి దూలాలకు నూలుపోగులతో కట్టిన పందొమ్మిది విమానాలు వేలాడుతున్నాయి. అన్నీ నూలు కోన్ల అట్టతో ప్రణయ్ చేసినవే. నాలుగో తరగతిలో చేసిన నాట్ మొదటిది, నిరుడు చేసిన తేజస్ చివరిది. నడుమ హంటర్, మిగ్, జాగ్వార్, మిరాజ్, సుఖోయ్. సాంచల చప్పుడులో మాట వినబడదు కాబట్టి, ఊరి మీద విమానం పోయినప్పుడల్లా వాడు షెడ్డు గుమ్మంలో నిలబడి చేతులు రెక్కల్లా చాపేవాడు. ఏ విమానమైతే దాని రెక్కల వాలు. రామచంద్రం సాంచ ఆపి బయటికొచ్చి చూసేవాడు. ఆ పేర్లన్నీ ఇప్పుడు ఆయనకూ వచ్చు.

ప్రతి విమానం రెక్క మీద వైమానిక దళం గుర్తు గుండ్రంగా వేసి ఉంది. మధ్యలో కాషాయం, చుట్టూ తెలుపు, బయట ఆకుపచ్చ. వినోద దాన్ని బొట్టు అంటుంది.

"గీ బొట్లు ఎవరు పెట్టిన్రు? నువ్వే గద. ఒక్కటన్న తప్పున్నదా? అన్ని తీస్కపోయి వాళ్ల ముంగట పెడ్త. అప్పీలు జేద్దాం."

"బొమ్మలు సూడరు బాపు."

"ఎందుకు సూడరు? నేను సూపెడ్త."

పైన ఎక్కడో సన్నగా ఈల లాంటి మోత వచ్చి పోయింది. ప్రణయ్ తల ఎత్తలేదు.

"హాక్. బీదర్ ట్రైనింగ్ విమానం" అన్నాడు.

"సూడకుంట చెప్పినవ్. గిట్లాంటోన్ని పనికిరాడంటరా?"

"చెవులు పాసైనయ్ బాపు."

ప్రణయ్ లేచి పెరట్లోకి పోయాడు. తడక తలుపు పడింది. బకెట్లో నీళ్లు పడుతున్న చప్పుడు వచ్చింది. చెంబు చప్పుడు రాలేదు.

రామచంద్రం స్టూలెక్కి ఒక్కో పోగు తెంపాడు. విమానాలను నూలు డబ్బాలో పేర్చాడు. నాట్ మీద దుమ్ము ఉంది. దాన్ని భుజం మీది తువ్వాలతో తుడుస్తుంటే గోరు తగిలి రంగు పెచ్చు ఊడింది.

కాషాయం కింద ఆకుపచ్చ ఉంది.

బయటి వలయం గీకాడు. ఆకుపచ్చ కింద కాషాయం. మిగ్ తీసి గీకాడు. జాగ్వార్, మిరాజ్ తీసి గీకాడు. నాలుగింటిలో మూడింటికి బొట్టు కింద తిరగబడ్డ బొట్టు ఉంది.

కండెల మిషన్ ఆగింది.

"ఏందే ఇది?" అన్నాడు రామచంద్రం, పెరటి వైపు చూస్తూ, గొంతు తగ్గించి.

"నాలుగో తరగతిల జెండా పండుగకు బడిల జెండా గీసిండు. పైన ఆకుపచ్చ ఏసిండు. పిల్లలు నవ్విన్రు. వారం రోజులు బడికి పోలే. గప్పటి సంది, వాడు ఇంట్ల లేనప్పుడు బొట్లు నేను మళ్ల ఏస్తున్న."

"నాకొక్క మాట చెప్పకపోతివి."

"చెప్తె ఏం జేస్తుంటివి? రేపు వాడు ఏ సేటు కాడనన్న పనికి పోతే గంపలు, బకెట్లు నేను సర్దుత పోవాల్నా అని పరేషానయిన. వానికి నూలు పని వద్దనుకున్న."

"మరి విమానం తోలమని ఎందుకు ఎగదోసినవ్?"

వినోద చేతిలోని కండె వైపు చూసింది.

"నీలం ఒక్కటి వాడు ఎన్నడు తప్పలే. విమానం పోయే మొగులంత నీలమే గద అనుకున్న."